బండికి మంచి మెకానిక్కు

విశాఖపట్టణమున మోటారు సైకిలు విలాసవస్తువు కాదని తెలిసికొనుటకు తెల్లవారక మునుపే గాజువాక కూడలిలో పది నిమిషములు నిలువబడిన చాలును. ఉక్కు కర్మాగారమున మొదటి షిఫ్టునకు పోవువారు, రాత్రి షిఫ్టు ముగించి ఎర్రని కన్నులతో ఇండ్లకు మరలువారు, పరవాడ మందుల కర్మాగారములకు పోవు యువకులు, ఇరుప్రక్కల పాలక్యానులు వ్రేలాడగట్టుకొన్నవారు, అందరును ఆ రెండు చక్రముల మీదనే సాగిపోవుచుందురు. ప్రొద్దెక్కిన పిమ్మట పిల్లలను బడిలో దింపు తండ్రులు, కచ్చేరీలకు పోవు స్త్రీలు బయలుదేరుదురు. మధ్యాహ్నమగుసరికి వీపున పెద్ద పెట్టెలు తగిలించుకొని ఇంటింటికి భోజనము చేరవేయు కుర్రవాండ్రు వీథులకెక్కుదురు. ఒకప్పుడు కొండలకును సముద్రమునకును నడుమ ఒదిగియుండిన ఊరు ఇది. నేడు ఒక చివర భీమునిపట్టణము, ఇంకొక చివర అనకాపల్లి. ఇంతటి ఊరిలో బండి ఆగినచో చాలమందికి ఆ దినపు సంపాదన ఆగినట్లే.

అందువలననే కాబోలు, ‘మంచి మెకానిక్కు ఎవరైన ఉన్నారా?’ అను ప్రశ్న మాకు తరచుగా ఎదురగుచుండును. వైద్యుని గురించి, ప్లీడరును గురించి కూడ జనులు ఇంత ఆతురతతో అడుగగా మేము వినలేదు. ఒక అంగడి పేరు చెప్పి తప్పుకొనుట సులభమే. కాని రేడియోలో అంగళ్ల పేర్లు చెప్పుట మా పని కాదు. చెప్పినను ప్రయోజనము స్వల్పము. ఈ వృత్తిలో మంచితనము బోర్డునకు గాక చేతికి చెందినది. ఆ చేయి గలవాడు ఈ ఏడు అక్కయ్యపాలెములో ఉండవచ్చును, వచ్చే ఏడు మధురవాడలో సొంత షెడ్డు పెట్టుకొనవచ్చును. కనుక చేతిని గుర్తించుట ఎట్లో చెప్పుకొనుట మేలు.

అంతకు ముందు ఈ ఊరు బండిని ఏమి చేయునో తెలిసికొనవలెను. హైదరాబాదులో మంచి మెకానిక్కునకు తెలియని చిక్కులు కొన్ని ఇక్కడివానికి తెలిసియుండవలెను. వానిలో మొదటిది ఉప్పుగాలి. రామకృష్ణా బీచి నుండి భీమిలి వరకు తీరము వెంబడి నివసించువారి ఇండ్ల కిటికీ ఊచలను చూడుడు. ఆ తుప్పే బండికిని పట్టును. సైలెన్సరు మీద పట్టినది కంటికి కనబడును గనుక దానిని గురించి అందరును విచారింతురు. కంటికి కనబడని చోట్ల పట్టినదే అపాయకరము. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లని బూజువలె లేచును. వైరింగు అతుకులలో పచ్చగా కిలుము పట్టును. హ్యాండిలు క్రిందనుండు బేరింగులలో చేరి, త్రిప్పునప్పుడు ముక్కలు ముక్కలుగా తిరుగునట్లు చేయును. డ్రమ్ము బ్రేకులో షూలను విచ్చదీయు క్యామ్ అను చిన్న ఇరుసు కలదు. దానికి తుప్పుపట్టి బిగిసినచో నొక్కిన బ్రేకు పూర్తిగా వదలదు. డిస్కు బ్రేకులో క్యాలిపరు జరుగుటకు పిన్నులు ఉండును. వానికిని ఇదే గతి.

మేమెరిగిన ఒక గృహస్థు పెదవాల్తేరు ప్రాంతమున కాపురము. ఆయన బండి ఉన్నట్టుండి బరువెక్కినది. పెట్రోలు హెచ్చుగా త్రాగును, ఎత్తు ఎక్కలేదు. మొదటి షెడ్డులో ప్లగ్గు మార్చినారు. రెండవ చోట కార్బురేటరు విప్పి శుభ్రము చేసినారు. మూడవ చోట క్లచ్ ప్లేట్లు అరిగినవని చెప్పి క్రొత్తవి వేసినారు. వేలకొలది రూపాయలు వ్యయమైనవి, బండి మాత్రము బరువుగనే యున్నది. నాలుగవవాడు కంచరపాలెము వైపున ఒక చిన్న షెడ్డువాడు. అతడు బండిని చూచి పనిముట్టు ఏదియు చేతికి తీసికొనలేదు. ముందుగా, ‘ఏటండి బాబూ, ఎప్పుట్నుంచి ఇలగుంది? సల్లగున్నప్పుడా, యేడెక్కాకా?’ అని అడిగినాడు. పిదప సెంటరు స్టాండు వేసి, న్యూట్రలులో ఉంచి, వెనుక చక్రమును చేతితో త్రిప్పినాడు. అర చుట్టు తిరిగి నిలిచిపోయినది. చక్రము విప్పి చూడగా క్యామ్ తుప్పుతో బిగిసియున్నది. షూలు డ్రమ్మును నిరంతరము రాచుకొనుచున్నవి. తుప్పు గోకి, గరుకు కాగితముతో రుద్ది, గ్రీజు పెట్టి బిగించుటకు ఒక గంట పట్టినది. అతడు పుచ్చుకొన్నది ఆ గంట కూలియే.

ఈ నాలుగవవానికి మొదటి ముగ్గురికంటె విద్య హెచ్చని మేము అనుకొనము. అతడు విప్పుటకు ముందు అడిగినాడు, అడిగిన పిమ్మట పరీక్షించినాడు. మా దృష్టిలో మంచి మెకానిక్కునకు తొలి గురుతు ఇదియే. బండి దిగక మునుపే ‘ఇంజను పనండీ’ అని తేల్చువానిని నమ్మరాదు. ఏ వేగమున శబ్దము వచ్చుచున్నది, ఏ గేరులో వచ్చుచున్నది, క్లచ్చు నొక్కినప్పుడు ఆగుచున్నదా, ఇంతకు పూర్వము ఎవరైన విప్పినారా అని విచారించి, తాను స్వయముగా ఒక ఫర్లాంగు నడిపి వచ్చువాడు సగము రోగమును అక్కడనే పట్టుకొనును.

అట్టివానిని వెదకుట ఎక్కడ? మీ బండివంటి బండినే, మీ కంటె హెచ్చుగా నడుపువారిని అడుగుడు. భోజనములు చేరవేయు కుర్రవాండ్రు దినమునకు నూరు కిలోమీటర్లకు పైబడి తిరుగుదురు. వారి బండి ఒక పూట షెడ్డులో ఉన్నచో వారికి నష్టము. కనుక వారు పోవు షెడ్డులో పని త్వరగా జరుగునని, చేసిన పని నిలుచునని నమ్మవచ్చును. వారికంటెను మంచి సాక్షి మరియొకడు కలడు. అతడు స్పేరు పార్టుల దుకాణదారు. ఏ మెకానిక్కు అసలు సరుకు అడిగి కొనునో, ఏ మెకానిక్కు ‘అదే డబ్బాలో చవుకది’ కావలెననునో అతనికంటె తెలిసినవారు లేరు. సూటిగా అడిగినచో చెప్పడు, వ్యాపారము గదా! ‘మీ సొంత బండి ఎవరిచేత చేయింతురు?’ అని అడిగిన యెడల చెప్పును.

గాజువాక ఆటోనగరు పేరు వినగానే సర్వరోగములకు అక్కడ మందు గలదని కొందరి నమ్మకము. ఆటోనగరు ప్రధానముగా లారీలది, బస్సులది. చిన్న బండి సాధారణపు సర్వీసునకు అంతదూరము పోనక్కరలేదు. కాని సిలిండరు బోరు తీయించుట, అరిగిన ఇరుసునకు బుష్షు చేయించుట, విరిగిన అల్యూమినియము కవరును వెల్డింగు చేయించుట వంటి లేతు పనులు వచ్చినప్పుడు మీ వీథి మెకానిక్కే దానిని మూటగట్టుకొని అటువంటి చోటికి పోవును. అతడు ఏ లేతువానియొద్దకు పోవునో తెలిసికొనుడు. బోరు తీయుటలో వెంట్రుకవాసి తేడా వచ్చినను పిస్టను పట్టివేయును, లేక పొగ వదలును. ఆ పని చేసినవాడు మీకు కనబడడు, నింద మాత్రము వీథి మెకానిక్కు మోయును.

షెడ్డులో అడుగుపెట్టినప్పుడు కంటికి కనబడు గురుతులు కొన్ని కలవు. నేల మీద నూనె మరకలుండుట తప్పు కాదు, ఈ వృత్తి అట్టిది. కాని విప్పిన బోల్టులు ఎక్కడ పెట్టుచున్నాడు? ఒక్కొక్క బండివి ఒక్కొక్క రేకుడబ్బాలో వేయువాడు జాగ్రత్తపరుడు. నేల మీద కుప్పపోసి, చివరకు రెండు మిగిలినను కలవరపడనివాడు వేరొక తరగతివాడు. నట్టు తలకు సరిపడు స్పానరు వాడుచున్నాడా, లేక ప్రతిదానికి సర్దుబాటు స్పానరు పెట్టి అంచులు అరగగొట్టుచున్నాడా? తిరుగని బోల్టునకు నూనె వేసి కొంతసేపు ఆగుచున్నాడా, సుత్తి ఎత్తుచున్నాడా? మార్చిన పాత భాగములను అడుగకయే మీ చేతిలో పెట్టుచున్నాడా? ఈ చివరిది మేము చాల ముఖ్యముగా ఎంచుదుము. పాత బ్రేకు షూ చేతిలో పెట్టి, ‘చూడండి, ఇక్కడికి అరిగిపోయింది’ అని చూపువాడు మీకు బండిని గురించి నేర్పుచున్నాడు.

ఈ వృత్తి ఈ ఊరిలో వేళ్లూనుటకు తగిన నేల కలదు. 1933లో ఓడరేవు తెరువబడినది. 1941లో నౌకానిర్మాణ కేంద్రమునకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసినారు. 1957లో చమురుశుద్ధి కర్మాగారము పని నారంభించినది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమైనది. ఫిట్టరు, టర్నరు, వెల్డరు అను మాటలు ఇక్కడి ఇండ్లలో ఆడువారి నోటను, పిల్లల నోటను కూడ వినబడును. కంచరపాలెమున ప్రభుత్వ ఐ.టి.ఐ., పాలిటెక్నిక్కు ఉన్నవి. ఇనుముతో బ్రదుకు నేర్చిన ఊరు ఇది.

బండ్లు మారిన కొలది మెకానిక్కు విద్యయు మారుచు వచ్చినది. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ కంపెనీ ఏర్పడి బుల్లెట్టును అందించినది. 1960ల ఆరంభమున మైసూరు నుండి జావా, తరువాత రాజ్‌దూత్ వచ్చినవి. జావా తరువాత ఎజ్డీ అను పేరు దాల్చి, 1996 వరకు నడిచినది. ఆ నాటి మెకానిక్కునకు చెవియే సాధనము. ప్లాటినం పాయింట్ల ఎడమును సిగరెట్టు పెట్టె అట్టముక్కతో కొలిచి సరిచేసినవారు ఉన్నారు. టూ స్ట్రోకు బండ్లకు పెట్రోలులో ఆయిలు కలుపవలెను. హెచ్చయినచో సైలెన్సరు బొగ్గుపట్టి మూసికొనును, తక్కువైనచో పిస్టను పట్టివేయును. సైలెన్సరును విప్పి, నిప్పులో కాల్చి, బొగ్గు రాల్చుట ఆనాటి షెడ్డులలో నిత్యకృత్యము. 1985లో హీరో హోండా వారి సి.డి. 100, యమహా ఆర్.ఎక్స్. 100 ఇంచుమించు ఒకేసారి వచ్చినవి. మొదటిది ఫోర్ స్ట్రోకు, తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము పోవునది. రెండవది టూ స్ట్రోకు, కుర్రకారు మనసు దోచినది. ఆర్.ఎక్స్. తయారీ 1996లో ఆగిపోయినను నేటికిని దానిని బిడ్డవలె సాకుచున్నవారు మన ఊరిలో కలరు. వారికి పాతకాలపు మెకానిక్కు దేవునితో సమానుడు.

2020 ఏప్రిల్ 1వ తేదీ నుండి భారత్ స్టేజి ఆరవ ప్రమాణము అమలునకు వచ్చినది. అప్పటినుండి వచ్చిన బండ్లలో చాల భాగమునకు కార్బురేటరు లేదు. ఎంత పెట్రోలు చిమ్మవలెనో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయించును. దానికి వార్తలు అందించుటకు సెన్సారులు కలవు. 2019 నుండి 125 సి.సి.కి పైబడిన బండ్లన్నిటికిని చక్రము బిగిసిపోకుండ ఆపు ఎ.బి.ఎస్. తప్పనిసరియైనది. ఇట్టి బండికి జబ్బు చేసినచో మీటర్లలో పసుపుపచ్చని దీపము వెలుగును. చెవి పెట్టి వినుట మాత్రమే చాలదు, స్కానరు తగిలించి సంకేతమును చదువవలెను. ఐనను స్కానరు జబ్బు పేరు చెప్పదు, నొప్పి ఉన్న చోటు మాత్రమే చూపును. ఆక్సిజను సెన్సారు తప్పు చూపుచున్నదనగానే సెన్సారు మార్చువాడు ఒకడు. ఉప్పుగాలికి ఆ వైరు అతుకు కిలుము పట్టినదేమో అని ముందు చూచువాడు ఇంకొకడు. ఆ చూపు కంచరపాలెము షెడ్డువాని చూపు వంటిదే.

కనుక మీ బండి ఏ కాలపుదో దానినిబట్టి మెకానిక్కును ఎంచుకొనవలెను. ఏ.పి. 31 అను నంబరుతో ఉన్న పాత బండికి కార్బురేటరు ఎరిగిన చేయి కావలెను. క్రొత్తదానికి, ముఖ్యముగా వారంటీ గడువు తీరనిదానికి, కంపెనీవారి అధికృత సర్వీసు కేంద్రమే తగినది. గడువులోపల బయట ఇంజను విప్పించినచో, తరువాత వారంటీ క్రింద అడిగినప్పుడు వాదన వచ్చును. ఉచిత సర్వీసులు తేదీ తప్పకుండ చేయించి, పుస్తకములో ముద్ర వేయించుకొనుట మరువరాదు.

సర్వీసు కేంద్రములను గురించి మాకు ఒక ఫిర్యాదు కలదు. అక్కడ బండి యజమానికిని బండి విప్పువానికిని నడుమ అడ్వైజరు అను ఒక ఉద్యోగి ఉండును. మీరు చెప్పిన మాట అతని చెవి నుండి జాబుకార్డు మీదికి, అక్కడినుండి మెకానిక్కు చేతికి పోవునప్పటికి మూడు వంతులు కరిగిపోవును. ‘ఏడెక్కిన తరువాత మూడవ గేరులో కరకరమనుచున్నది’ అని మీరు చెప్పినది ‘జనరల్ చెకప్’ అయి కూర్చుండును. అందుచేత జాబుకార్డు మీద మీ మాటలనే వ్రాయించి, చదివి, సంతకము చేయుడు. పాలిషని, పూతలని, ఇంజను లోపల కడుగు ద్రవమని అదనముగా చేర్చిన వానిని అక్కరలేనియెడల కొట్టివేయించుడు. వీలైనచో విప్పునప్పుడు దగ్గర నిలువనిమ్మని అడుగుడు. కొన్ని చోట్ల అద్దము వెనుకనుండి చూడనిత్తురు, కొన్ని చోట్ల అదియు లేదు.

నీళ్ల సర్వీసింగును గురించి రెండు మాటలు. ఉప్పును కడిగివేయుటకు మంచినీళ్లతో తరచు కడుగుట ఈ ఊరిలో అవసరమే. కాని వడిగల నీటి గొట్టమును హ్యాండిలు క్రిందికి, చక్రముల ఇరుసుల మీదికి, మీటర్ల మీదికి, సెన్సారు అతుకుల మీదికి గురిపెట్టరాదు. గ్రీజు పోయి నీరు చేరును. కడిగిన వెంటనే గొలుసునకు నూనె పెట్టి, బండిని కొంతదూరము నడిపి, బ్రేకులను నాలుగుసార్లు మెల్లగా నొక్కి ఆరబెట్టవలెను. ఇది చెప్పి పంపు షెడ్డువాడు దొరికినచో వదలిపెట్టకుడు.

2014 అక్టోబరు 12వ తేదీ ఆదివారమునాడు హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీద విరుచుకొనిపడిన సంగతి మరువగలవారెవరు? చెట్ల క్రింద నలిగిన బండ్లు, వాననీట నానిన బండ్లు ఆ తరువాత షెడ్డుల ముందు బారులు తీరినవి. అప్పుడు తెలిసినవాడెవడో తెలియనివాడెవడో తేలిపోయినది. మునిగిన బండిని బయటికి లాగి వెంటనే కిక్కు కొట్టరాదు, సెల్ఫు నొక్కరాదు. గాలి నొక్కుకొనిపోవును గాని నీరు నొక్కుకొనిపోదు. సిలిండరులో నీరుండగా పిస్టను పైకి వచ్చినచో కనెక్టింగు రాడ్డు వంగును. ముందుగా బ్యాటరీ తీగ విప్పి, ప్లగ్గు తీసి, నీరు పోవునట్లు చక్రమును మెల్లగా త్రిప్పవలెను. ఇంజను ఆయిలు పాలు కలిపిన టీ రంగులోనికి మారియున్నచో నీరు చేరినట్లే, దానిని పారబోసి క్రొత్తది పోసి, కొద్దిసేపు నడిపి మరల మార్చవలెను. గాలి ఫిల్టరును, పెట్రోలు ట్యాంకును చూడవలెను. తీరప్రాంతమున వానకాలము ఏటేట వచ్చును గనుక, మీరు క్రొత్త మెకానిక్కును పరీక్షింపదలచినచో, ‘బండి నీట మునిగినది, ఏమి చేయుదువు?’ అని ఊరకే అడిగి చూడుడు. ‘కిక్కు కొడదాం సార్’ అనినచో నమస్కారము పెట్టి వచ్చివేయుడు.

ఇక డబ్బు సంగతి. పని మొదలుపెట్టక మునుపు అంచనా అడుగుట మర్యాదకు భంగము కాదు. కూలి ఎంత, సరుకు ఎంత అని వేరువేరుగా చెప్పించుకొనుడు. లోపల విప్పిన పిమ్మట ఇంకేమైన బయటపడినచో ఫోను చేసి అడిగి మార్చవలెనని ముందే అనుడు. సరుకును మీరే దుకాణములో కొని తెచ్చి యిచ్చుటకు ఏ నిజాయితీపరుడును అభ్యంతరము చెప్పడు. బ్రేకు షూలు, ప్యాడ్లు, క్లచ్ తీగ, గొలుసు, బేరింగులు, ఇవి నకిలీవి అయినచో ప్రాణము మీదికి వచ్చు వస్తువులు. వీని విషయమున ఇరువది ముప్పది రూపాయల ఆదాకు ఆశపడరాదు. అద్దము, సీటు కవరు వంటివి ఏవైనను ఒకటే.

చట్టము కూడ మన పక్షమున కొంత ఉన్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20వ తేదీ నుండి అమలునకు వచ్చినది. డబ్బు పుచ్చుకొని చేసిన మరమ్మతులో లోపమున్నచో అదియు ఆ చట్టము క్రిందికి వచ్చును. 1915 అను నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చును. జిల్లా కమిషనులో అయిదు లక్షల రూపాయల వరకు వ్యవహారమునకు రుసుము లేదు. అయితే చేతిలో రసీదు ఉండవలెను. వీథి షెడ్డులో ముద్రించిన రసీదు ఉండకపోవచ్చును. ఒక కాగితము మీద తేదీ, బండి నంబరు, చేసిన పని, పుచ్చుకొన్న సొమ్ము వ్రాసి ఇమ్మనుడు. కంపెనీలు సర్వీసు పుస్తకములను, విడిభాగముల వివరములను జనులకు అందుబాటులో ఉంచవలెనను ఉద్దేశముతో కేంద్ర ప్రభుత్వము 2022 డిసెంబరులో ‘మరమ్మతు హక్కు’ పోర్టలును ప్రారంభించినది. చిన్న షెడ్డులు నిలుచుటకు ఇట్టివి మరికొన్ని కావలెనని మా అభిప్రాయము. వివరములన్నియు కంపెనీ చేతిలోనే ఉన్నచో, ఎంత మంచి చేయి ఐనను కన్నులు కట్టివేసినట్లగును.

మనము మెకానిక్కును గురించి ఇంతగా చెప్పుకొనుచున్నాము గాని, అతడు మనలను గురించి ఏమనునో వినిన బాగుండును. ఏడాదిపాటు ఆయిలు మార్చక, గొలుసు నేలకు వ్రేలాడుచుండగా తీసికొనివచ్చి, ‘సాయంత్రానికి కావాలి అన్నా’ అనువారు కొందరు. ‘చవుకగా కానిచ్చేయి గురూ’ అని తామే నకిలీ సరుకు వేయించి, నెల తిరుగక మునుపే జగడమునకు వచ్చువారు కొందరు. ‘జీతాలొచ్చాక ఇస్తాను’ అని పోయి, తరువాత ఆ వీథి వదలి వేరొక వీథిన పోవువారు మరికొందరు. షెడ్డు గోడ మీద బొగ్గుతో వ్రాసిన బాకీలు ఏ బ్యాంకు పద్దులకును తీసిపోవు. బండి ఇచ్చునప్పుడు పాత మరమ్మతులను దాచక చెప్పుట, ఆదివారము సాయంకాలము గాక పని పలుచగానుండు వారము నడుమ తీసికొనిపోవుట, సొమ్ము అప్పుడే చెల్లించుట, ఈ మూడింటితో మంచి మెకానిక్కు మనవాడగును. అతడు మీ బండి శబ్దమును వీథి మలుపుననే గుర్తుపట్టు నాటికి మీకు సగము చింత తీరినట్లే.

షెడ్డులో స్పానరు అందించు పిల్లవానిని కూడ ఒకమారు చూడుడు. పూర్వము ఈ విద్య అంతయు అట్లే వచ్చినది. పదేండ్లవాడు చేరి, టీలు తెచ్చి, చక్రములు కడిగి, పదునెనిమిదవ ఏట మెకానిక్కు అయ్యెడివాడు. ఆ కథలు వినుటకు ఇంపుగనే ఉండును. కాని పదునాలుగేండ్లు నిండని పిల్లలను ఇట్టి పనులలో పెట్టుటను 2016లో సవరించిన చట్టము నిషేధించినది. బడి వేళ బడిలో ఉండవలసిన పిల్లవాడు బ్రేకు బిగించుచున్నచో, ఆ షెడ్డు ఎంత చవుకయైనను మేము బండి ఇయ్యము. పెద్దవాడై, ఐ.టి.ఐ.లో చదివి వచ్చి, ముసలి మెకానిక్కు ప్రక్కన నిలిచి పని నేర్చుచున్న యువకుడు కనబడినచో ఆ షెడ్డును గుర్తుంచుకొనుడు. ఒకనికి చెవి కలదు, ఇంకొకనికి స్కానరు చదువ వచ్చును. విద్యుత్తు స్కూటర్లు వీథి వీథిన కనబడుచున్న ఈ దినములలో అట్టి జంటలే నిలుచునని మా ఊహ. ఆ స్కూటరునకు ప్లగ్గు లేదు, ఆయిలు లేదు గాని, టైర్లు, బ్రేకులు, బేరింగులు, ఉప్పుగాలి దానికిని తప్పవు.

చివరగా కొండదారుల మాట. సెలవులు రాగానే మన యువకులు బండ్లెక్కి అరకులోయకు పోవుదురు. నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము, నడుమ అనంతగిరి ఘాటు. ఇంటికి దగ్గరగా సింహాచలము కొండదారి ఉండనే ఉన్నది. ఎక్కుటలో ఇంజను పరీక్షకు నిలుచును, దిగుటలో బ్రేకు పరీక్షకు నిలుచును. రెండవదానిలో తప్పినచో మరల పరీక్ష లేదు. డిస్కు బ్రేకులో పనిచేయు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. సముద్రతీరమున ఆ తేమకు కొదువ లేదు. తేమ చేరిన ద్రవము, ఎడతెగక బ్రేకు నొక్కి దిగునప్పుడు పుట్టు వేడికి లోపల ఆవిరి బుడగలు కట్టును. అప్పుడు లివరు నొక్కినను మెత్తగా లోపలికి పోవును గాని బండి నిలువదు. అందుచేత ద్రవమును సాధారణముగా రెండేండ్లకొకమారు మార్చవలెను. అది తేనెరంగు వదలి నల్లబడినచో అంతకంటె ముందే మార్చవలెను. ఘాటు దిగునప్పుడు న్యూట్రలులో వేసి, పెట్రోలు ఆదా చేయుచున్నామనుకొనుట ప్రాణముతో చెలగాటము. ఏ గేరులో ఎక్కినారో ఇంచుమించు ఆ గేరులోనే దిగుడు.

బయలుదేరుటకు ముందురోజు కాక, మూడు నాలుగు రోజుల ముందే బండిని మెకానిక్కునకు చూపుడు. అతడు చేసిన పనిలో పొరపాటున్నచో ఊరిలోనే బయటపడవలెను. రెండు బ్రేకులు, టైర్ల గాలి, గొలుసు బిగువు, క్లచ్ తీగ, వెనుక దీపము, హ్యాండిలు బేరింగు చూపించుడు. సీటు క్రింద ఒక అదనపు ప్లగ్గు, ఒక క్లచ్ తీగ, ట్యూబు ఉన్న టైరైనచో ఒక ట్యూబు, సరిపడు రెండు స్పానర్లు పెట్టుకొనుడు. మెకానిక్కు ఫోను నంబరును ఫోనులోనే కాక కాగితము మీద కూడ వ్రాసికొనుడు. కొండలలో ఫోను పలుకని చోట్లు కలవు, పలికిన చోట బ్యాటరీ అయిపోయి యుండవచ్చును, అప్పుడు దారిలో ఎవరి ఫోనైనను అడిగి పుచ్చుకొని మాటలాడవచ్చును.